అన్నయ్య పాట మోగిన వీడియోగేమ్

మన బ్యాచ్ వాళ్లకి చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేమ్ గుర్తుందా? నిన్న శ్రీకాకుళంలో పాత సామాన్ల కొట్లో ఒకటి కనిపించింది. అరిగిపోయిన బటన్లు చూడగానే అన్నయ్య గుర్తొచ్చాడు.

మా అన్నయ్య సొంతంగా ఒక పాట కట్టి, కంప్యూటర్లో మిడి ఫైల్, అంటే స్వరాల ఫైల్, చేశాడు. దాన్ని మా ఇంట్లో ఉన్న అలాంటి గేమ్‌కి పనికొచ్చేలా మార్చడానికి వేసవి సెలవులన్నీ కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం కారు రేసు మొదలవగానే కీచుమంటూ ఆ పాటే మోగింది.

"సూడ్రా, మన పాట!" అంటూ నన్నెత్తి గిరగిరా తిప్పేశాడు.

ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి అన్నయ్య పోయాడు. తర్వాత తుఫాను నీళ్లు ఇంట్లోకొచ్చి కంప్యూటరూ, గేమూ పాడైపోయాయి.

నిన్నటి నుంచీ ఎంత తలచుకున్నా ఆ పాట రావట్లేదు. అమ్మనడిగాను.

"పాట దాకా ఎందుకురా, ఆడి గొంతే నాకు గేపకం రాట్నేదు" అంది.