బొంగరం గారి బూడిదరంగు

బొంగరం గారు దేన్నైనా చుట్టూ తిరిగి చూడందే ఒక్క మాట చెప్పరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, మాకు మాత్రం ఆయన బొంగరం గారే. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి గాని కూర్చునేవారు కాదు. కొత్త డైరెక్టరు కరచాలనానికి చెయ్యి చాపితే, ఈయన వెనక్కి వెళ్లి, వీపు పరిశీలించి, రెండో వైపు నుంచి వచ్చి పట్టుకున్నారు. అప్పటిదాకా డైరెక్టరు చెయ్యి పాపం గాల్లోనే ఉంది.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి వాళ్లావిడ నా దగ్గర మొరపెట్టుకున్నారు.

"కొత్త కళ్లజోడు బావుందా అని అడిగాను బాబూ. నా చుట్టూ తిరిగొచ్చి, 'వెనకనించి కనపడలేదు, సగమే చెప్పగలను' అన్నారు!"

నిజానికి ఆ జబ్బు మా ఉద్యోగంలోనే ఉంది. ఆస్పత్రి స్కానింగ్ విభాగంలో యంత్రం రోగి చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి ఎక్స్‌రేలు తీస్తుంది. వాటిని కంప్యూటర్లో కలిపి, లోపలి ఎముకని ఎటు తిప్పినా కనిపించే బొమ్మగా కట్టడం మా పని. కొన్ని కోణాలు అందకపోతే బొమ్మలో ఆ మేర మసక పడుతుంది. బొంగరం గారు అక్కడ బూడిదరంగు వదిలేసి, "చూడలేదు" అని రాసేవారు.

"కాస్త ఊహించండి సార్," అనేవాణ్ని.

"ఎముక వాళ్లది, ఊహ నాదీనా?"

ఆ ఏడాది నేనో కొత్త ప్రోగ్రాం తెచ్చాను. అది వేల మంది మణికట్టు బొమ్మలు చూసి నేర్చుకుంది, ఖాళీ ఉన్నచోట చక్కటి ఎముక గీసేస్తుంది. దాంతో నాకు కళ్లు నెత్తికెక్కాయి.

అప్పుడే ఒక దర్జీ ఆవిడ జారిపడి కుడిచెయ్యి పట్టుకుని వచ్చారు. నొప్పికి ఓర్చుకోలేక స్కాను సగంలోనే చెయ్యి లాగేసుకున్నారు. ఉన్న సగంతో నా ప్రోగ్రాం నడుపుదామన్నాను. బొంగరం గారు కంప్యూటర్ చుట్టూ తిరిగొచ్చారు.

"ఇది లోకంలో అందరి చేతులూ చూసింది, ఈవిడది తప్ప. నొప్పి తగ్గాక మళ్లీ తీద్దాం."

మర్నాడు ఆయన సెలవు. నేను ప్రోగ్రాం నడిపి, అద్దంలాంటి ఎముకని డాక్టరుకి పంపేశాను. డాక్టరు నమ్మి, విరగలేదు, పని చేసుకోమన్నారు. పగులు ఆ చూడని సగంలోనే ఉంది. మూడు వారాల్లో అది పెద్దదైంది, ఆవిడ కుడి బొటనవేలు ఇక వంగలేదు.

విచారణలో బొంగరం గారు లేచి, "విభాగం నాది, తప్పూ నాదే," అన్నారు. నేను నోరు మెదపలేదు. ఆ నెలలోనే ఆయన రిటైరై, వేరే ఊళ్లో కూతురింటికి వెళ్లిపోయారు. చివరిరోజు వెళ్లొస్తానని చెప్పడానికి వస్తే, ఫైళ్ల గదిలో దాక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

రెండేళ్లకి ధైర్యం కూడగట్టుకుని దర్జీ ఆవిడ కొట్టుకి వెళ్లాను. నేను ఫలానా అని చెప్పబోయాను.

"తెలుసు బాబూ. నువ్వు ఎప్పటికైనా వస్తావని పెద్దాయన చెప్పారు. వస్తే తిట్టొద్దన్నారు. 'అన్ని వైపులా చూశానమ్మా, మంచివాడే, పిరికివాడంతే' అన్నారు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. చూపు ఎటు తిప్పాలో తెలియక కొయ్యకి వేలాడుతున్న చొక్కా వైపు చూశాను.

"అది ఆయనదే. నెలకొకటి కుట్టించుకుంటారు, బస్సెక్కి వచ్చి మరీ. నాకు ఎడం చెయ్యి అలవాటయ్యేదాకా ఎవరో ఒకరు తొడుక్కోవాలిగా! మొదటిదాంట్లో తలే పట్టలేదు. రెండోదానికి ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకోటి మోకాలి దాకా. అన్నీ వేసుకు తిరుగుతున్నారు. వాళ్లమ్మాయి పక్కన నడవనంటోందిట."

"నాకూ ఒకటి కుట్టండమ్మా," అన్నాను. "ఎలా ఉన్నా వేసుకుంటాను."

"ఇప్పుడు బాగానే కుడుతున్నానయ్యా! వంకరగా కావాలంటే చాలా రోజులు పడుతుంది," అని నవ్వేశారు ఆవిడ. "ఎల్లుండి పొద్దున్న పెద్దాయన వస్తున్నారు. నువ్వూ రా, ఇద్దరికీ ఒకేసారి కొలతలు తీస్తాను."

ఎల్లుండికి సెలవు పెట్టాను.