కడియం కరిగించే ముందు

ఎనభైల నాటి మాట. జహీరాబాద్ బస్టాండులో నాన్న వెండి కడియం మూట విప్పి చూసుకుంటున్నాను. జాతర కుస్తీలో గెలిచినది. కరిగించి మనవరాలికి పట్టగొలుసులు చేయించమని ఆయనే ఇచ్చారు.

పక్కనున్న ముసలాయన వంగి చూసి ఏందని అడిగితే, సంగతంతా చెప్పాను. "ఎవరిమీద గెల్సిండు బిడ్డా?"

"తెల్వదు కాకా. ఎన్నడు అడగలే."

"నేను కడెం దాకా పోలే. పోరగాండ్ల కుస్తీల కొబ్బరికాయ గెల్సిన, గంతే. కాయ తిని చిప్ప దాచిన. దాన్ని జూపి మనవలకు చెప్తుంటే, మా ముసల్ది 'మళ్ల షురూ జేసిండు' అంటది." నవ్వాడు. "కరిగినంక మీ నాయిన ఏం జూపి చెప్తడు? జర అడుగు."

కంసాలి దగ్గరికి పోకుండా ఇంటికి వచ్చి అడిగాను. ఆ పెద్దాయనను నా పక్కన కూర్చోబెట్టిన దేవుడికి దండం. అమ్మ పోయాక మాటే తగ్గిన నాన్న, లేచి పంచె ఎగ్గట్టి, ఆనాటి పట్టు నా కూతురి మీదే చూపించారు. అది కిలకిలా నవ్వుతూ, "ఇంకోపారి తాతా!" అంది.