హీరో విస్తరిలో చారు

ఇంకాస్త దగ్గరికి జరగండి, గోడకు ఆనుకుని కూర్చోండి. మా తమ్ముడు సినిమాలో పెద్ద హీరోగా అన్నం తిన్న సంగతి చెబుతాను.

మాది పెనుబల్లి పక్క పల్లె. తమ్ముడు ఏళ్ల తరబడి జాతరల్లో, పెళ్లి స్టేజీల మీద ఒక పాత హీరో వేషం కట్టేవాడు. జుట్టు ఎగరేయడం, ఒక కనుబొమ్మ లేపడం, నడుస్తూ నడుస్తూ ఆగి భుజం మీద నుంచి చూడటం, అన్నీ అచ్చు గుద్దినట్టు దించేవాడు. పోయిన ఎండాకాలం ఆ హీరో జీవితాన్నే సినిమాగా తీస్తూ వాణ్ని పిలిచారు. మొదటి షూటింగ్ భద్రాచలం దారిలో, అడవి అంచున ఒక పెంకుటింట్లో. తోడుగా నన్ను తీసుకెళ్లాడు.

సీను చిన్నదే. మొదటి సినిమా ఆడక ఇంటికొచ్చిన హీరో నేల మీద కూర్చుని, అడ్డాకు విస్తరిలో అన్నం తినాలి. వడ్డించే తల్లివి చేతులే కనిపిస్తాయి.

అదే మావాడికి రాలేదు. ముద్ద ఎత్తితే కనుబొమ్మ లేచేది. నీళ్లు తాగితే జుట్టు ఎగిరేది. డైరెక్టర్ ప్రతిసారీ కట్ అనేవాడు. గొంతు మాత్రం పెంచేవాడు కాదు. నాకు దానికే భయమేసింది.

"ఇంట్ల ఎవరన్నా గట్ల తింటరా?" అన్నాడు చివరికి.

"హీరో గిట్లనే చేస్తడు సార్," అన్నాడు మావాడు.

"అది జనం ముందల. ఇక్కడున్నది వాళ్లమ్మ."

ఆయన పక్కకు వెళ్లి ఫోన్ చేశాడు. ఖమ్మంలో అదే వేషం కట్టేవాడు ఇంకొకడున్నాడు, వాణ్ని బయలుదేరమన్నాడు. గంటకల్లా వాడి కారు దారిలోని తల్లాడ దాటిందన్న మాట మా చెవిన పడింది.

"అక్కా, నా చేతులు నా మాట వింటలేవు. వాడొస్తే నాకు మళ్లా జాతరలే," అన్నాడు తమ్ముడు.

తల్లి చేతులకని తెచ్చిన ఆమె పాపం బెదురుతూ, చల్లారిన చారు చుక్క చుక్కగా పోస్తోంది. నేను లేచాను.

"సార్, చారు వేడి చేసి నేనే పోస్తా. చేతులే గదా కనబడేది?"

"అవ్, పొయ్యండమ్మా. జల్దీ," అన్నాడు.

విస్తరిలో తిన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కంచానికి అంచుంటుంది, ఆకుకు ఉండదు. అన్నాన్ని గుంట చేసుకోకపోతే చారు ఒళ్లోకొస్తుంది. మా ఇంట్లో పోసేవాళ్లు అడిగి పోయరు, తినేవాళ్లే కాచుకోవాలి.

తమ్ముడు కూర్చున్నాడు. కనుబొమ్మ లేచింది. నేను పొగలు కక్కే చారు నిండు గరిటె వంచేశాను.

"అక్కా, ఆగే!"

ఎడమ చేత్తో ఆకు కొస ఎత్తి, కుడి చేత్తో అన్నం అడ్డం తోశాడు. వేళ్లు కాలితే ఊదుకున్నాడు. తల ఎత్తకుండా గబగబా జుర్రాడు. ఇంకో గరిటె ఎత్తితే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ముక్కు కారితే భుజానికి తుడుచుకున్నాడు.

కట్ ఎంతకీ రాలేదు. వచ్చాక తమ్ముడు తల పట్టుకున్నాడు.

"అమ్మా అనేది పోయి అక్కా అన్న సార్. ఖరాబు చేసిన."

"డబ్బింగ్‌ల అమ్మా అందువు గానీ," అన్నాడు డైరెక్టర్. ఫోన్ తీశాడు. "కారు ఎందాక వచ్చింది? తిప్పుకొని పొమ్మను."

అందరూ లైట్లు సర్దుకుంటున్నారు. తమ్ముడు మాత్రం విస్తరి ముందు నుంచి లేవలేదు.

"ఇంకింత పొయ్యే అక్కా. ఆకలైతుంది."

మీ పొయ్యి మీద చారు ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉండాలి. మీ ఇంట విస్తరి ముందు కూర్చున్నవాళ్లు కడుపు నిండి, చల్లగా లేవాలి.