దుమ్ము చూడటానికి వచ్చిన కమిటీ

పర్యావరణం, ప్రజారోగ్యం చూసే పార్లమెంటు కమిటీ ఈ రోజు కుప్పం దగ్గర మా ఊరికి వచ్చింది. కంకర మిషను దుమ్ముకు పిల్లల దగ్గు తగ్గడం లేదు, దాన్ని దూరంగా మార్పించండని మేమే అర్జీ పెట్టుకున్నాం.

కమిటీ వస్తోందని మిషనువాళ్లు దాన్ని నిన్ననే ఆపేశారు. అది ఊహించిందే. మావాళ్లు చేసిన పనే ఊహించలేదు. ఢిల్లీ నుంచి సంబంధం చూడటానికి వస్తున్నట్టు తెల్లవారకముందే గోడలు కడిగి, కల్లాపి చల్లి, వీధి పొడవునా ముగ్గులు పెట్టారు. కానుగ చెట్లకు కూడా నీళ్లు కొట్టి ఆకులు కడిగారు!

కారు దిగిన ఎంపీగారు ముగ్గు తొక్కకుండా పక్కగా నడుస్తూ, "ఎంత శుభ్రమైన ఊరు! దుమ్మెక్కడ?" అని ఇంగ్లీషులో అడిగారు.

వెంటవచ్చిన అధికారి తెలుగులో చెప్పగానే పక్కింటి మునెమ్మత్త ముందుకొచ్చింది. "మీరొస్తారని కడిగేసినామప్పా. మిషను ఆడించమను, సూద్దువు. మా మనవరాలు రేయీ పగలూ దగ్గతానే ఉండాది."

"రోజూ కడుక్కుంటారట సార్, ఇబ్బందేం లేదట," అని ఎంపీగారికి ఇంగ్లీషులో చెప్పాడు అధికారి.

"ఆమె అన్నది అది కాదు సార్!" అని నేను ఇంగ్లీషులోనే అరిచాను.

"రాసి పంపమ్మా," అంటూ ఎంపీగారు కారెక్కారు. రాసి పంపితేనే కదా వచ్చారు!

సాయంత్రం మిషను మళ్లీ మొదలైంది. మునెమ్మత్త మనవరాలి ముక్కుకు తడిగుడ్డ కట్టింది.

మీ ఊరికీ ఏదైనా కమిటీ వచ్చేదుంటే ముందురోజే చీపుర్లు దాచేయండి. ఇప్పటికే వచ్చి పోయుంటే, ఏం చూసి మెచ్చుకున్నారో కింద రాయండి.