కంప్యూటర్‌తో మా నాయన చదరంగం

మా చిన్నప్పుడు... మా వీధిలో చదరంగం కండ్లతో కంటే చెవులతో ఎక్కువ ఆడేవాళ్ళు.

మైదుకూరు దగ్గర మాది నేతగాళ్ళ వీధి. మా ఇంటికీ ఓబులేసు మామ ఇంటికీ నడుమ ఒకటే గోడ, ముందర ఒకటే అరుగు. గోడకు ఇవతల మగ్గం గుంతలో మా నాయన, అవతల గుంతలో మామ. అరుగు మీద చదరంగం పలక. దాని పక్కన రాట్నం మీద కండెలు చుట్టుకుంటా మా అవ్వ...

"అత్తా, నా గుర్రాన్ని బావ మంత్రి ముందర పెట్టు" అని మామ లోపల్నుంచే అరిచేవాడు. అవ్వ పెట్టేది. నాయన మెడ చాచి వాకిట్లోకి ఒకసారి చూసి, నేస్తానే తన ఎత్తు చెప్పేవాడు.

చేతుల పని చేతులది, ఆట ఆటది. కానీ ఎత్తు తోచకపోతే మాత్రం మగ్గం ఆగిపోయేది. అవతల టకటక చప్పుడు ఆగిందంటే మామ ఇరుక్కున్నాడని నాయనకు తెలిసిపోయేది.

"ఏం ఓబులేసూ, దారం తెగిందా?"

"తెగిందిలే బావా, అతుకుతాండా."

దారం తెగలేదని వీధికంతా తెలుసు...

ఆ చెవితోనే నాయన గెలిచేవాడు. మా చుట్టుపక్కల ఆయన మీద గెలిచినవాళ్ళు లేరు.

అప్పుడే పేపర్లో వచ్చింది... ప్రపంచ చాంపియన్‌ను ఒక కంప్యూటర్ ఓడించిందని. టీ అంగడి కాడ అంతా అదే మాట. నాయన నమ్మలేదు. "ఆయప్పకు ఆ పొద్దు ఒంట్లో బాగలేకుండా ఉంటాది. మిషన్ యాడన్నా మనిషిని గెలుస్తాదా?" అన్నాడు. మాట మీద మాట పెరిగి, "దాన్ని నా ముందర పెట్టండి, చూస్తా" అనేదాకా పోయింది.

మైదుకూరులో ఒక శెట్టి కొడుకు కొత్తగా కంప్యూటర్ సెంటర్ పెట్టినాడు. అందులో చదరంగం ఉందంట. ఇంకేముంది... ఇస్త్రీ చొక్కా వేసుకొని నాయన బస్సెక్కినాడు. వెనకాల మామ, సగం వీధి. నేనూ పోయినాను.

చెప్పులు బయట విడిచి లోపలికి పోయినాం. నాయన ఎత్తు చెప్తే ఆ శెట్టి కొడుకు మీట నొక్కేవాడు. నొక్కిన వేలు తీయకముందే కంప్యూటర్ తన ఎత్తు వేసేది. కాసేపటికి నాయన తెర చూసేది మాని, చెవి దాని దగ్గర పెట్టినాడు.

"ఏమప్పా, ఇది ఆలోచన చేస్తాండాదా లేదా?"

"చేసేసింది పెదనాయనా. ఇంక నీదే ఎత్తు."

అది యాడా తడబడలేదు. ఎప్పుడు ఇరుక్కుందో తెలుసుకునే దారి లేదు. నాయన చొక్కా తడిసిపోయింది. పొద్దుగుంకే వేళకు నాయన రాజుకు ఆటకట్టు.

ఇంటికి రాగానే నాయన పలకనూ పావులనూ గుడ్డలో కట్టి అటక మీద పెట్టినాడు. "ఇంక ఆడను" అన్నాడు... అంతే.

ఆ తర్వాత రెండు మగ్గాలూ పొద్దంతా ఆగకుండా నడిచినాయి. చీరలు తొందరగా అయ్యేవి గానీ అవ్వకు అది బాగలేదు. "ఏం నేతరా ఇది, నోట్లో మాట లేకుండా... చావు జరిగిన ఇల్లు మాదిరి" అనేది. "బావా, ఒక్క ఆట" అని మామ గోడ అవతల నుంచి పిలిచి చూసినాడు. నాయన మగ్గం ఆపలేదు.

ఒక సంత రోజు మామ మైదుకూరు పోయినాడు. సాయంత్రం వీధిలో అడుగు పెడుతూనే అందుకున్నాడు.

"బావోయ్! నేనూ ఆడినా ఆ మిషన్‌తో! కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే ఆట కట్టేసింది! అందరూ పండ్లు ఇకిలించినారు. నువ్వు పొద్దుగుంకేదాకా ఎట్ల నిలబడితివప్పా?"

నాయన నవ్వు ఆపుకోవాలని చూసినాడు. కాలేదు. "నీ గుర్రాన్నే నువ్వు కాచుకోలేవు, మిషన్ మీదికి పోయినావా సన్నాసీ" అని తిడుతానే అటక మీదికి చేయి పెట్టినాడు.

శానా నాళ్ళకు ఆ శెట్టి కొడుకు పెండ్లి చీర కోసం మా ఇంటికి వచ్చినాడు. మాటల్లో చెప్పినాడు... "ఆ సంత పొద్దు ఓబులేసు మామ మంత్రిని తీసుకపోయి ఏనుగుకు ఎదురుగా పెట్టమన్యాడు. పోతాది మామా అంటే, పోనీ, నువ్వు నొక్కప్పా అన్యాడు."

నాయన ఆ సంగతి మామ దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు మామ లేడు. నాయన ఫోన్లో ఆడతాడు. ఓడిపోతే, ఇంకో ఆట ఆడతావా అని అది అడుగుతాది. ఆయన నొక్కుతాడు... మళ్ళీ ఓడిపోతాడు.

ఇప్పుడు మనల్ని ఓడించేటిది అందరి జోబుల్లోనూ ఉంది. మన కోసం కావాలని పోయి ఓడిపోయి, అది వీధంతా చెప్పుకొని మనల్ని నవ్వించే మనిషే కరువైనాడు...

అట్లాంటి మామ మీకూ ఎవరన్నా ఉంటే ఈడ రెండు మాటలు రాయండి. నాయనకు చదివి వినిపిస్తాను.