రాగి ముసుగు ఆరో కథ

మా బావ అబద్ధం చెప్పలేడు. ఇది పొగడ్త అనుకుంటే పొరపాటు, ఆయనతో ఒక్క వారం ఉండి చూస్తే తెలుస్తుంది. అక్క కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎలా ఉందని అడిగితే, "పాతదే నయం, దీంతో మీ పెద్దమ్మలా ఉన్నావు" అన్న మనిషి. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఒకసారి ఓ పెద్ద భవనంలో లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోతే, తప్పెవరిదో అంతుపట్టక అందరూ కరెంటు మీదకు నెట్టేసి ఊపిరి పీల్చుకున్నారు. ఈయన వెళ్ళి, "కరెంటు కాదండీ, బోల్టు నేనే సరిగ్గా బిగించలేదు" అని చెప్పి, చేతికందిన సూపర్‌వైజరు ఉద్యోగాన్ని చేజేతులా పోగొట్టుకున్నాడు. ఆ సంగతి కూడా సాయంత్రం ఇంటికొచ్చి అక్కకు పూసగుచ్చినట్టు చెప్పాడు. అక్క తల పట్టుకుంది. వీధిలో అందరూ ఆయన్ని సత్తెకాలపు మనిషి అంటారు. నేనూ అంటాను, కాకపోతే నేను అనేటప్పుడు అందులో గౌరవం పాలు కాస్త తక్కువ.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఒక బొమ్మల పుస్తకంలో.

బావ చిన్నప్పుడు పాత కాగితాల కొట్లో కొన్న పుస్తకం అది. ఆ కొట్టాయన అట్టలూడిన కామిక్సులన్నీ ఒకచోట చేర్చి, దబ్బనంతో కుట్టి, దిండులా తయారుచేసి తూకానికి అమ్మేవాడట. బావకు దొరికిన దిండులో రాగి ముసుగు అనే వీరుడి మొట్టమొదటి పది కథలున్నాయి. ఆ వీరుడు పగలు తాళాలు బాగుచేసుకునే మామూలు మనిషి. ఎవరికైనా ఆపద వస్తే రాగి ముసుగు తగిలించుకుని గోడలెక్కుతాడు. తర్వాతి రోజుల్లో చంద్రమండలం దాకా వెళ్ళాడుగానీ, బావ లెక్కలో అసలు రాగి ముసుగంటే ఆ పది కథలే. "ఆ పైన వచ్చిందంతా వ్యాపారం" అంటాడు.

అక్క పెళ్ళయ్యాక ఆ దిండు నేనూ చదివాను. అప్పట్నుంచి మా ఇద్దరికీ ఒకటే తగువు. పదింటిలో ఏది గొప్పది, దేన్ని ఎక్కడ పెట్టాలి. నాకు రెండోదే ముందు, నీళ్ళు నిండిన సొరంగంలో రైలు చిక్కుకునే కథ. బావకు దానికి ఐదో స్థానం కూడా ఎక్కువే. మూడోదాన్ని ఎప్పుడూ అట్టడుగున పడేస్తాడు, ఎందుకంటే అందులో లిఫ్టు తాడు తెగితే రాగి ముసుగు పళ్ళతో పట్టుకుని ఆపుతాడు. "తాడు తెగితే బ్రేకు పడుతుంది కదరా, మధ్యలో వీడి పళ్ళతో పనేంటి?" అని మండిపడతాడు. మనిషి గోడలెక్కడం మీద మాత్రం ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు.

మొదటి స్థానం ఏనాడూ కదల్లేదు. అది ఆరో కథది. వంతెన కూలుతుంది. రాగి ముసుగు అందర్నీ ఒడ్డుకు చేర్చి, భుజానికి గాయంతో ఇల్లు చేరతాడు. లోపల భార్య లేచి తలుపు గడియ తీస్తుంది. పేజీ తిప్పితే, ఆయన ఆమె ఎదుట నిలబడి ముసుగు తీసేసి, "ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచాను. ఇక దాచను" అంటాడు. కథ అక్కడితో సరి. ఆ పేజీ చూసిన రోజే బావ నిశ్చయించుకున్నాడట, పెళ్ళంటూ చేసుకుంటే భార్య దగ్గర ఏదీ దాచకూడదని. ఆ మాట మీదే ఇన్నేళ్ళు నిలబడ్డాడు. మా అక్క దాని ఫలితం అనుభవించింది.

మొన్న బావ పుట్టినరోజుకు నా మేనకోడలు ఒక పెట్టె తెచ్చిచ్చింది. రాగి ముసుగు తొలి కథలన్నీ రంగులు సరిచేసి, నున్నటి కాగితం మీద కొత్తగా అచ్చువేసిన సెట్టు.

"అన్నీ మళ్ళీ చదివి పక్కాగా ర్యాంకులు వేసేయ్ నాన్నా. మామయ్యతో గొడవ వదిలిపోతుంది" అంది.

నేనూ సరేనన్నాను. చదవడం అయ్యాక కబురు చేస్తానన్నాడు బావ. కబురు రాలేదుగానీ, అక్క ఫోన్ వచ్చింది.

"మీ బావకి ఏదో అయిందిరా. భోజనాల దగ్గర చోటు మార్చారు. ఎడం పక్క గోడ ఉండేట్టు కూర్చుంటున్నారు. మంచం మీద కూడా వైపు మార్చేశారు. ఏమైందండీ అంటే, ఏమీ లేదంటారు."

"ఏమీ లేదన్నాడా?"

"అదే కదా నేను చెప్పేది."

మిగతా మగాళ్ళం పొద్దున లేస్తే అనే మాటే అది, నేనైతే నిద్రలో కూడా అనగలను. మా బావ అన్నాడంటే కొంప మునిగినట్టే.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అక్క వంటింట్లో ఉంది. బావ ముందుగదిలో కూర్చున్నాడు. ఒళ్ళో పాత దిండు, బల్ల మీద కొత్త సెట్టు.

"ఆరోది చదువు" అన్నాడు.

చదివాను. వంతెన కూలింది, గాయం తగిలింది, భార్య గడియ తీసింది. పేజీ తిప్పాను. గుమ్మం బయట వీరుడు మామూలు చొక్కాలో ఉన్నాడు, ముసుగు సంచిలో ఉంది. "బస్సు తప్పిపోయింది" అన్నాడు. ఆవిడ నమ్మేసింది. అడుగున ఒక వాక్యం: ఆమెను కాపాడాలంటే ఆమెకు తెలియకూడదు.

"మరి ముసుగు తీసే పేజీ ఏది?" అన్నాను.

"తొమ్మిదోది చూడు."

తొమ్మిదో కథ మధ్యలో ఉంది. అదే బొమ్మ, అవే మాటలు. కాకపోతే ముసుగు తీసినవాడు రాగి ముసుగు కాదు. అతని వేషం వేసుకుని, ఆవిడ మొగుడి ముఖం అతికించుకుని వచ్చిన దొంగ. ఆవిణ్ణి నమ్మించి ఇనప్పెట్టె తాళంచెవి కొట్టేయడానికి ఆ కబుర్లు చెప్పాడు. మా దిండులో తొమ్మిదో కథకు ఒక పేజీ పోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాం. పోలేదు. కొట్టాయన కుట్టే హడావిడిలో దాన్ని ఆరోదాని చివర పెట్టేశాడు, ఆరోదాని అసలు పేజీ ఏ పొట్లానికి పోయిందో.

నేను పడీ పడీ నవ్వాను. బావ నవ్వలేదు.

"దొంగ మాట పట్టుకుని బతికాన్రా ఇన్నేళ్ళూ" అన్నాడు.

నవ్వు ఆపుకుంటూ లేచి, మంచినీళ్ళ సీసా కోసం ఆయన ఎడమ పక్కకు వెళ్ళి, "సరే, దానికీ చోటు మార్చుకోడానికీ సంబంధమేంటి?" అని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. ఆయన పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడ్డాడు. అప్పుడు బయటపెట్టాడు.

"ఎడమ చెవి దాదాపు పోయిందన్నాడు డాక్టరు. లిఫ్టు కింద గోతిలోకి దిగే పని మానేయాలి, ఆఫీసులో చెప్పెయ్యమన్నాడు. మీ అక్కకి చెబుదామనే వచ్చా. తను బజారుకెళ్ళింది. వచ్చేలోపు ఈ ఆరోది తెరిచా."

"తెరిచి?"

"అమ్మాయి చదువు ఇంకా అవ్వలేదు. మీ అక్క బెంగ పెట్టుకుంటుంది. అసలు రాగి ముసుగే దాచాడు కదా అనిపించింది."

"ఆఫీసులో?"

"చెప్పలేదు."

"అంటే గోతిలోకి దిగుతున్నావా? పైనవాడు 'లిఫ్టు కదుపుతున్నా, తప్పుకో' అని అరిస్తే?"

"కుడి చెవి ఉంది కదరా."

నాకు భయమూ కోపమూ కలిసి వచ్చాయి. అబద్ధం ఆడటం రానివాడు ఈ వయసులో నేర్చుకుంటే ఇలాగే ఉంటుంది. మేం దాచితే మాటలు పడతాం, ఈయన దాచితే ప్రాణం మీదకు తెచ్చుకుంటాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"ఎవరూ చెప్పక్కర్లేదు. నా చెవులు బాగానే ఉన్నాయి" అంది అక్క. టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

బావ లేచి నిలబడ్డాడు. ఇక ఆగలేదు. డాక్టరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆరో కథ, తొమ్మిదో కథ, దబ్బనం, దొంగ, తాళంచెవి, అంతా వరసగా ఒప్పజెప్పాడు. ఇన్ని రోజులు కడుపులో పెట్టుకున్నందుకు చెమటలు పట్టాయి పాపం. అక్క గ్లాసులు బల్ల మీద పెట్టి అంతా విన్నది.

"అది దొంగ అన్నాడో, దొర అన్నాడో నాకనవసరం" అంది. "ఆ మాటలతోనే నేను కాపురం చేశాను. కళ్ళజోడు బాలేదన్నా పడ్డాను. ఆ వీరుడి తెలివి మాత్రం నాకొద్దు. నన్ను కాపాడే పని పెట్టుకోకండి. చెప్పండి, చాలు."

మర్నాడు ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్ళారు. ఉద్యోగం పోలేదు. ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు హడలిపోయి ఫోన్ చేస్తే, ఈయన కుడి చెవితో ఓపిగ్గా విని, "మెకానిక్ ఇప్పుడే భోజనానికి వెళ్ళాడండీ, చాలాసేపు పడుతుంది" అని ఉన్నదున్నట్టు చెబుతున్నాడట. సూపర్‌వైజరు జుట్టు పీక్కుంటున్నాడు.

ఆ పై ఆదివారం ర్యాంకుల పంచాయితీకి కూర్చున్నాం. బావ మొదటి స్థానం మళ్ళీ ఆరోదానికే ఇచ్చాడు. కొత్త సెట్టులోదానికి కాదు, మా దిండులోదానికి.

"అలాంటి కథ ఎవడూ రాయలేదు బావా. చెల్లదు" అన్నాను.

"రాయకపోతే ఏం, కుట్టాడుగా. నేను చదివాను, నువ్వూ చదివావు."

మేం ఇలా కొట్టుకుంటుండగా అక్క వచ్చి ఆయన ఎడమ పక్కన నిలబడి, బల్ల మీది పుస్తకాలు సర్దుతూ మెల్లగా అంది. "ఆ రోజుల్లో మీరు గోతిలోకి దిగారని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదండీ."

"రెండోది ఐదు దాటి పైకి రాదు, ముందే చెప్తున్నా" అన్నాడు బావ నాతో.

అక్క ఆయన వెనక నుంచి నడిచి కుడివైపుకు వచ్చి, ఆ మాటే మళ్ళీ చెప్పింది.