కొత్త ఇంటికి రిహార్సల్

మా మామగారు ఏ పనైనా ముందు రిహార్సల్ వేసుకుంటే గానీ చెయ్యరు. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అంటుకోని మంటల్ని ఆర్పడం, కూలిపోని మేడల మీంచి జనాన్ని దింపడం, దెబ్బ తగలని వాళ్ళని స్ట్రెచర్ మీద మోయడం, ఇలా ఆయన సర్వీసులో సగం ఉత్తుత్తి ప్రమాదాలతోనే గడిచింది. రిటైరైన రోజున యూనిఫాం అక్కడే ఇచ్చేసి వచ్చారు గానీ రిహార్సల్‌ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ అలవాటు ఎంత దూరం పోతుందో నాకు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడే తెలిసింది. సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్ళి, కాఫీ తాగి, అడిగినవాటికి జవాబులు చెప్పి, బతుకు జీవుడా అని లేచాను. గేటు దాకా వచ్చిన అమ్మాయి, అంటే ఇప్పటి మా ఆవిడ, అసలు సంగతి చెప్పింది. ముందురోజు మా బావమరిది నా వేషం వేసుకుని అదే కుర్చీలో కూర్చున్నాడట. మామగారు అవే ప్రశ్నలు అడిగి, వినయం తక్కువని అతన్ని తిప్పి పంపేశారట. కన్నకొడుకు గట్టెక్కలేని పరీక్షలో నేను పాసయ్యానంటే ఇప్పటికీ నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

అలాంటి మనిషి ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. కట్టినంతకాలం అందరూ ఊరుకుంటారు, చేరాక ఏడుస్తారు, కాబట్టి చేరకముందే కాపురం చేసి చూడాలని ఆయన వాదన. గోడలు నడుమెత్తు లేచాయో లేదో కాపురం మొదలైపోయింది. తలుపే లేని గుమ్మం బయట నిలబడి గాలిలో టకటకా కొట్టేవారు. లోపల ఇటుకల మీద కూర్చున్న అత్తగారు "ఎవరూ?" అనాలి. అనకపోతే లోపలికి వచ్చేవారు కాదు. గోడ మీంచి ఒకళ్ళకొకళ్ళు కనబడుతూనే ఉండేవారు. అయినా ఆవిడ అలవాటుపడిన మనిషి కాబట్టి, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తలెత్తకుండానే అడిగేసేది.

పనివాళ్ళు మొదట్లో తాపీలు ఆపి చూసేవారు. కొన్నాళ్ళకి వాళ్ళూ నాటకంలోకి వచ్చేశారు. ఎందుకంటే మామగారి పద్ధతిలో పెద్ద మెలిక ఒకటుంది. పనిలో లోపం కనిపిస్తే అది చేసినవాడితో ఆ మాట అనరు. వాడికే ఇంటాయన వేషం ఇస్తారు.

వడ్రంగి సంగతి చూడండి. పడకగది తలుపు బిగించాడు. చక్కటి పనే, కాకపోతే రెక్క గోడ వైపు తెరుచుకుంటుంది, లైటు స్విచ్చు సరిగ్గా దాని వెనకే ఉంది. నేను అప్పుడే అందామనుకున్నాను. మామగారు నా చెయ్యి నొక్కి, వడ్రంగిని పిలిచి, తన కళ్ళజోడు అతనికి పెట్టారు. చేతికి కూరల సంచీ ఇచ్చారు. "ఇప్పుడు నువ్వు నేను. కరెంటు పోయి అప్పుడే వచ్చింది. బయటినుంచి వచ్చి గదిలో లైటు వేసుకోవాలి. కళ్ళు మూసుకో" అన్నారు.

వడ్రంగి కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళాడు. గోడంతా తడిమాడు. తలుపుని తడిమాడు. సంచీ కిందపెట్టి, గదిలోకి పూర్తిగా పోయి, తలుపు సగం వేసి, దాని వెనక చెయ్యిపెట్టి, చివరికి స్విచ్చు పట్టుకున్నాడు. ఈలోగా సంచీలోని ఉల్లిపాయలు నేలంతా దొర్లాయి. కళ్ళు తెరిచి కాసేపు తలుపుని, కాసేపు స్విచ్చుని చూసుకున్నాడు.

"ఎవడండీ ఈ తలుపు పెట్టింది?" అన్నాడు, పూర్తిగా ఇంటాయన గొంతుతో.

మామగారు సంచీ అందుకున్నారు. ఇద్దరూ వంగి ఉల్లిపాయలు ఏరుకున్నారు. మర్నాటికి తలుపు బందులు రెండోవైపు మారాయి.

స్నానాలగది సంగతి ఇంకా బాగుంటుంది. గచ్చు వాటం తప్పింది. నీళ్ళు తూము వైపు పోవాలా, గుమ్మం వైపు వస్తున్నాయి. మామగారు టైల్స్ మేస్త్రిని పీట మీద కూర్చోబెట్టి, భుజాన తువ్వాలు వేసి, స్నానం చెయ్యమన్నారు. ఆయన సిగ్గుపడుతూ చొక్కాతోనే కూర్చున్నాడు. మామగారు పక్కనే బకెట్టు పట్టుకుని చెంబులతో నిజం నీళ్ళు నేల మీద పోస్తుంటే, మేస్త్రి ఒళ్ళు రుద్దుకుంటున్నట్టు చేస్తున్నాడు. నీళ్ళు కాస్సేపు ఆలోచించుకుని, నెమ్మదిగా గడప దాటి పడకగదిలోకి బయల్దేరాయి. అక్కడ మంచం మీద నిద్రపోతున్న వేషం నాది. మంచం ఇంకా రాలేదు కాబట్టి నేల మీదే పడుకుని ఉన్నాను.

వీపు తడిసి నేను లేచేసరికి మేస్త్రి కూడా లేచాడు. "అల్లుడుగారిని తడిపేశాను" అని నొచ్చుకుని, "రేపు తీసేసి మళ్ళీ వేస్తాను సార్" అన్నాడు. ఆ మాట ఆయన చేత ఎవరూ అనిపించలేదు. ఆరిన చొక్కా కోసం నేను ఇంటికి వెళ్ళాను.

ఇన్ని రిహార్సల్స్ అయ్యాక ఇక ఆ ఇంట్లో లోపమన్నది మిగలదనే అనుకున్నాం. సామాన్లు చేరాయి, అందరం చేరాం. పై ఊళ్ళో ఉద్యోగం చేసే బావమరిది సెలవు పెట్టి వచ్చాడు. కొత్త సోఫాలో కాళ్ళు బారజాపుకుని వెనక్కి వాలాడు. వాలినవాడు అలాగే ఉండిపోయి, "నాన్నా, పైన అదేంటి?" అన్నాడు.

హాలు కప్పు మీద, తెల్లటి రంగులో, అరచెయ్యంత చెమ్మ మరక. పైన మేడమీది స్నానాలగది. మధ్యాహ్నానికి అరచెయ్యి పళ్ళెమంత అయింది. మధ్యలోంచి ఒక చుక్క రాలి బావమరిది మోకాలి మీద పడింది.

బావమరిది తండ్రికి పూర్తిగా వేరే రకం. కోపం వస్తే ఆలస్యం చెయ్యడు. మరకకి ఫొటో తీశాడు. ఊళ్ళో ఇళ్ళు కట్టుకునేవాళ్ళందరూ కలిసి పెట్టుకున్న ఫోను గ్రూపు ఒకటుంది. అందులో పెట్టడానికి ప్లంబర్ గురించి ఇంత పొడుగు రాశాడు. మాకు చదివి వినిపించాడు కూడా. అది గ్రూపులో పడిందంటే ఈ ఊళ్ళో ఆ ప్లంబర్‌ని కుళాయి బిగించడానికి కూడా ఎవరూ పిలవరు. మా ఆవిడ వద్దంది. నేను రేపు చూద్దామన్నాను. అతను వినలేదు. ముందు మనిషిని పిలిపించి మొహం మీదే కడిగేసి, ఆ తర్వాత పంపిస్తానన్నాడు. అత్తగారు లోపలికి వెళ్ళి ప్లంబర్‌కి ఫోను చేసి రమ్మని చెప్పింది.

మామగారు అప్పటిదాకా మరక వంక చూస్తూ కూర్చున్నారు. అప్పుడు లేచి, "తిట్టాల్సిందే. కానీ రిహార్సల్ లేకుండా తిడితే మాటలు తడబడతాయి. నేను ప్లంబర్ని. నువ్వు నువ్వే" అన్నారు.

బావమరిది విసుక్కున్నాడు గానీ ఆయన వినిపించుకోలేదు. తువ్వాలు తలకి చుట్టుకున్నారు. పెరట్లోంచి పానా ఒకటి తెచ్చుకున్నారు. చెప్పులు బయట విడిచి, తలుపు వేయించి, బెల్లు కొట్టారు. బావమరిది వెళ్ళి తీశాడు.

ఎదురుగా వాళ్ళ నాన్న, కొంచెం వంగి, పానా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. "పిలిపించారటండి" అన్నారు.

"పైకి చూడు" అన్నాడు బావమరిది.

మామగారు పైకి చూశారు. చాలాసేపే చూశారు. తన చేతిపనిని కింద నుంచి చూసుకునే మనిషి ఎలా చూస్తాడో అలాగే చూశారు. పానా కిందికి జారింది.

"నా అతుకేనండి" అన్నారు. "మీరు త్వరగా చేరాలంటున్నారని తొందరగా బిగించాను. తిట్టండి బాబూ."

బావమరిది ఊపిరి బిగపట్టి "ఏమయ్యా..." అన్నాడు. అని ఆగిపోయాడు. మళ్ళీ, "నీకు పని..." అన్నాడు. అదీ పూర్తికాలేదు. రాసుకున్నదంతా చేతిలో ఫోనులోనే ఉంది, చూసి చదివినా సరిపోయేది. కానీ అతని చూపు ఆ తలపాగా కింది మొహం మీంచి కదల్లేదు.

"మీరు మొహం అలా పెడితే నేనేం తిడతాను నాన్నా?"

"నేనేం పెట్టలేదు. అతను వచ్చినా ఇలాగే ఉంటుంది. నా ఈడువాడే" అన్నారు మామగారు, తన మామూలు గొంతుతో. "సరే, తిట్టు రావట్లేదు. మరి తలుపు తీశాక ఏమంటావు?"

బావమరిది తల గోక్కున్నాడు. "ముందు పైకెళ్ళి చూద్దాం పదండి అంటాను."

"అది బాగుంది. అదే ఖాయం చేసుకో."

అప్పుడు చూశాం, గేటు దగ్గర సంచీ భుజాన వేసుకుని అసలు ప్లంబర్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు. ఎవరి వంకా చూడకుండా చెప్పులు విడిచి, మమ్మల్ని దాటుకుని, తిన్నగా మేడ మెట్లెక్కాడు. బావమరిది అతని వెనకే "పైకెళ్ళి చూద్దాం పదండి" అన్నాడు గానీ అతను అప్పటికే పైన ఉన్నాడు. కాసేపటికి ఉలీ సుత్తీ చప్పుడు మొదలైంది.

నేను వంటగదిలోకి వెళ్ళి, మామగారికి నిజంగా కోపమే రాదా అని అత్తగారిని అడిగాను.

"ఎందుకు రాదూ, దండిగా వస్తుంది" అంది ఆవిడ టీ నీళ్ళు పెడుతూ. "అదీ రిహార్సల్లోనే అయిపోతుంది. స్నానాలగది వాటం తప్పిన రోజున మీరు తడిసిన చొక్కా మార్చుకోవడానికి వెళ్ళారా? మేస్త్రి కూడా వెళ్ళాక ఈయన పెరట్లో నీళ్ళ డ్రమ్ముని నిలబెట్టి తిట్టారు. నీళ్ళు పల్లానికి పోతాయని కూడా తెలియదా అని దాన్ని నిలదీశారు. పెళ్ళైన కొత్తలో నా మీద కోపమొస్తే బట్టల తీగని తిట్టేవారు. నాకు వినబడదనుకునేవారు. అంతా అయ్యాక లోపలికి వచ్చి కూర బాగుందనేవారు. మర్నాడు నేను ఉప్పు తగ్గించేదాన్ని."

నాకు టీ గ్లాసులు అందించింది. హాల్లోకి వచ్చేసరికి బావమరిది ఫోనులో రాసుకున్నదంతా తుడిచేస్తున్నాడు. నన్ను చూసి, ఛార్జింగు అయిపోతోందన్నాడు.

చీకటి పడకముందే ప్లంబర్ దిగాడు. కోసి తీసిన పైపు ముక్క చేతిలో ఉంది. అతుకు ఒకవైపు పట్టనే లేదని చూపించాడు. కొత్తది వేశానని, రేపు టైల్స్ మేస్త్రిని తానే వెంటబెట్టుకుని వచ్చి పగలగొట్టింది పూడ్పిస్తానని చెప్పాడు. టీ అందుకుని మెట్టు మీద కూర్చున్నాడు. సగం తాగాక గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క మాట. తప్పుగా అనుకోకండి. మీరు నా వేషం సరిగ్గా వెయ్యలేదు."

మామగారు గ్లాసు కిందపెట్టారు. ఇంత కాలంలో ఆయన నటనకి వంకపెట్టినవాళ్ళు లేరు. "ఎక్కడ తప్పింది?" అని అడిగారు.

"నేనంత తొందరగా ఒప్పుకోను సార్. ముందు టైల్స్ మేస్త్రి మీదికి తోస్తాను. ఆయన మంచోడని మీరంటే పైపు చేసినోడి మీదికి తోస్తాను. అదీ కుదరకపోతే ఎండల మీద పెడతాను. అన్నీ అయిపోయాక అప్పుడు చూద్దాం పదండంటాను."

మామగారు తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి అతనికిచ్చారు. "వేసి చూపించు."

ప్లంబర్ లేచి, తువ్వాలు చుట్టుకుని, బయటికి వెళ్ళి బెల్లు కొట్టాడు. బావమరిది తలుపు తీసి, పైకి చూడమన్నాడు. ప్లంబర్ పైకి చూసీ చూడగానే నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇదా? ఇది ముమ్మాటికీ ఆ టైల్స్ మేస్త్రి పని బాబూ" అని అందుకున్నాడు. అక్కడినుంచి పైపుకీ, పైపు నుంచి ఎండలకీ వెళ్ళేసరికి మా ఆవిడ సోఫా చేయి పట్టుకుని నవ్వుతోంది. బావమరిది తలుపుకి చేరబడిపోయాడు. వంటగది గుమ్మంలో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామగారు ఒక్కరే నవ్వలేదు. ప్లంబర్ వంక కళ్ళార్పకుండా చూస్తూ, పెదాలు కదుపుతూ, ఆ మాటలన్నీ వరసగా బట్టీ పడుతున్నారు.